పొలంలో సోలార్ ప్యానెళ్లకు తక్కువ ఖర్చులో ఏ స్టాండు మేలు?

చిత్తూరు దగ్గరి పొలంలో ఆరు ప్యానెళ్లు నేలమీద సొంతంగా బిగించుకోవాలంటే, నా ఓటు రెడీమేడ్ అల్యూమినియం స్టాండుకు కాదు, హాట్ డిప్ పద్ధతిలో, అంటే కరిగిన జింకులో ముంచి, పూత పట్టించిన ఇనుప చానెళ్లకే. కొలత ప్రకారం కోయించుకోవచ్చు. వెల్డింగ్ మాత్రం వద్దు. ఆ వేడికి పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. బోల్టులతో బిగించండి. కోసిన చోట, రంధ్రాలు వేసిన చోట జింకు పెయింటు తప్పనిసరి.

పునాదిలో మాత్రం దయచేసి పొదుపు చేయకండి. ప్యానెళ్ల బరువు పెద్ద సమస్య కాదు, అడుగున దూరి పైకి లేపే గాలితోనే ప్రమాదం. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతం తుపానుల ప్రభావం మన వైపు ఉంటుంది కదా! మట్టి నేలైతే గుంత తీసి కాంక్రీటులో కాళ్లు నిలపాలి. మన దగ్గర తరచూ గట్టి రాయి తగులుతుంది. అప్పుడు దాన్ని పగలగొట్టే ఖర్చు దేనికి, రంధ్రం వేసి, రాతిలో పట్టుకుని ఉండే యాంకర్ బోల్టులు దించితే చాలు. కాంక్రీటు దిమ్మెల కొలతలు ఒక సివిల్ ఇంజినీరుకు చూపించండి, ఆ ఫీజు వృథా కాదు.

ఇక్కడి అక్షాంశం 13 డిగ్రీలకు కాస్త ఎక్కువ. కాబట్టి దక్షిణ ముఖంగా 13 నుంచి 15 డిగ్రీల స్థిరమైన వాలు సరిపోతుంది. వాలు మార్చే ఖరీదైన స్టాండు అక్కర్లేదు. గడ్డి నీడ, బురద చిందులు తగలకుండా కింది అంచు రెండడుగుల ఎత్తులో ఉంచండి. ప్యానెళ్లను స్టాండుకు పట్టి ఉంచే క్లాంపుల బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి.