పక్షవాతంతో మంచం మీదున్న మనిషి కింద దుప్పటి ఎలా మార్చాలి? ఎయిర్ బెడ్, రబ్బరు రింగు కొనాలా?

మీ మామయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయని, పోయిన వారం నల్లగొండలో డిశ్చార్జి చేశారని రాశారు. ఇంట్లో చూసుకునేది మీరూ మీ అత్తమ్మే. మనిషిని దించకుండా పక్క ఎలా మార్చాలి, షాపతను చెప్పిన ఎయిర్ బెడ్, రబ్బరు రింగు, వీపుకు ఆనించే బ్యాక్‌రెస్ట్ అన్నీ కొనాలా అన్నది మీ ప్రశ్న. నేను 19 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. ఎక్కువ కాలం మెడికల్ వార్డులో, కొంత కాలం ఆర్థోలో, అంటే ఎముకల వార్డులో చేశాను.

ముందు రింగు సంగతి చెప్తాను, అందులో నా తప్పే ఉంది కాబట్టి. 2016 వేసవిలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్ళోనే ఉంచాం. నర్సుని కదా, నాకు అన్నీ తెలుసనే ధీమా. గాలి నింపే రబ్బరు రింగు నేనే తెచ్చి నడుము కింద పెట్టాను, ట్రైనింగ్‌లో అలాగే నేర్పారు మరి. పరుపు తడవకుండా రెక్సిన్ షీటు వేసి, దాని మీద పల్చటి దుప్పటి ఒకటి పరిచాను. నాలుగో రోజు వదిన ఫోన్ చేసి "అత్తమ్మకు నడుము కింద ఎర్రగా ఉంది, చెమటకాయలేమో, పౌడర్ వేశాను" అంది. సాయంత్రం వెళ్లి చూస్తే రూపాయి బిళ్లంత మచ్చ. వేలితో నొక్కి తీశాను. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్ళీ రంగు వస్తుంది. ఇది తెల్లబడనే లేదు. అంటే పడక పుండు మొదలైనట్టే. అది పూర్తిగా మానడానికి నెలన్నర పట్టింది.

రింగు చేసే పని ఏమిటంటే, మధ్యలో ఒత్తిడి తీసి చుట్టూ అంచు మీద వేస్తుంది. ఆ అంచు రక్తాన్ని నొక్కేస్తుంది, మధ్యలో చర్మం వాస్తుంది. అందుకే ఇప్పుడు వాడొద్దంటున్నారు. షాపుల్లో ఇంకా అమ్ముతారు, మీరు కొనకండి. ఎర్రబడినచోట నూనె పెట్టి రుద్దడం, పౌడర్ చల్లడం కూడా వద్దు. మనవాళ్ళలో చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. చేతి వెనక భాగంతో తాకి చూడండి, పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో ఉంటే అనుమానించాలి. నడుము కింద ఎముక, తుంటి రెండు వైపులా, మడమలు, మోచేతులు, తల వెనక. స్నానం చేయించేటప్పుడు రోజూ చూడాల్సినవి ఇవే.

ఇక పక్క. వార్డులో పరుపు మీద దుప్పటి, దాని మీద అడ్డంగా మేకింతోష్, దాని మీద డ్రా షీటు, అంటే ఒంటి కింద అడ్డంగా పరిచే నూలు గుడ్డ వేస్తాం. మేకింతోష్ అంటే రబ్బరు పూసిన గుడ్డ. 1823లో దానికి పేటెంట్ తీసుకున్న స్కాట్లాండ్ మనిషి పేరు అది, మా ఆయమ్మలు మాత్రం "మేకంటాసు" అనేస్తారు. దాని మీద నూలు గుడ్డ సరిగా లేకపోతే మన ఎండలకు వీపు ఉడికిపోతుంది. మా అమ్మకు జరిగింది సగం అదే. ఇంట్లో డ్రా షీటుకు మామయ్య పాత నూలు పంచె చాలు. రెండు పొరలుగా మడిచి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా అడ్డంగా పరచండి. అంచు, కుట్టు ఒంటి కిందకు రాకూడదు. కొత్త పంచె గంజితో గరుగ్గా ఉంటుంది, నాలుగు ఉతుకులు పడ్డదే మంచిది.

మార్చే పద్ధతి. ఇద్దరు కావాలి. ముందు మడతలు పెట్టిన శుభ్రమైన బట్టలన్నీ పక్కన కుర్చీ మీద వరసగా పెట్టుకోండి, మధ్యలో మనిషిని వదిలేసి బీరువా దగ్గరకు పరిగెత్తకూడదు. హాస్పిటల్ మంచమైతే చక్రాలకు లాక్ వేయండి. అత్తమ్మ ఆయనకు ఎడమ వైపు, మీరు కుడి వైపు. ఏం చేయబోతున్నారో ఆయనకు చెప్పండి, మాట రాకపోయినా చెప్పండి. పడిపోయిన కుడి చేతిని ఆయన చేతనే ఎడమ చేత్తో పట్టించి పొట్ట మీద పెట్టించండి, కుడి మోకాలు మడవండి. అత్తమ్మ ఒక చెయ్యి కుడి భుజం రెక్క వెనక, ఇంకోటి తుంటి మీద వేసి తన వైపుకు ఒత్తిగిలించాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగకండి. పట్టు లేని కీలు కాబట్టి భుజం జారుతుంది. తర్వాత నెలల తరబడి నొప్పి. చుట్టాలు వచ్చినప్పుడు "లే బావా" అని చెయ్యి గుంజేవాళ్ళు ఒకరిద్దరుంటారు, వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.

ఆయన అత్తమ్మ వైపు తిరిగాక వీపు మీ వైపు ఉంటుంది. పాత దుప్పటిని పొడవుగా చుట్టి వీపుకు ఆనుకునేలా నెట్టండి, తడి భాగం లోపలికి వెళ్ళాలి. వీపు తుడిచి ఆరబెట్టండి, చర్మం చూడండి. కొత్త దుప్పటిని సగం పరిచి, మిగతా సగం చుట్టి పాత చుట్ట పక్కనే పెట్టండి. మీ వైపు అంచులు పరుపు కిందకు దోపండి. రెక్సిన్, పంచె కూడా అంతే, సగం పరిచి సగం చుట్టి. ఇప్పుడు "మధ్యలో గుట్టలా ఉంటుంది, దాని మీదుగా రావాలి" అని ఆయనకు చెప్పి మీ వైపుకు తిప్పండి. అత్తమ్మ పాతవి బయటకు లాగేసి, కొత్తవి తన వైపుకు గట్టిగా లాగి దోపాలి. చివర్లో అరచేతిని ఒంటి కిందకు పోనిచ్చి మడత తగులుతుందేమో చూడండి. అన్నం మెతుకు, గుండీ, పాలిథిన్ ముక్క, ఏది దొరికినా ఆశ్చర్యం లేదు. మాకొకసారి సూది మూత దొరికింది.

తీసిన బట్టలు దులపకండి, ఛాతీకి హత్తుకుని మోయకండి, నేరుగా బకెట్‌లో వేయండి. కప్పే దుప్పటి కాళ్ళ దగ్గర కొంచెం వదులుగా ఉండాలి, బిగిస్తే పాదాలు కిందకు వాలిపోతాయి.

మంచంలో కిందకు జారిపోతే చంకల్లో చేతులేసి ఈడ్చేస్తాం మనం. ఎముక లోపల కదులుతుంది, చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉంటుంది. లోపలి రక్తనాళాలు నలిగేది అప్పుడే. పంచెకు రెండు వైపులా అంచులు చుట్టి పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తి పైకి జరపండి. డ్రా షీటుకు అసలు ఉపయోగం ఇదే అంటాను నేను.

ఎయిర్ బెడ్ గురించి. మీ మామయ్య సొంతంగా పక్కకు తిరగలేకపోతే తీసుకోండి, అది దండగ కాదు. షాపుల్లో ఆల్ఫా బెడ్ అన్నా ఇదే. మోటారు గాలిని అరల్లోకి మార్చి మార్చి నింపుతుంది కాబట్టి ఒకేచోట ఒత్తిడి నిలవదు. మామూలు పరుపు మీదే వేయాలి. పైన చెప్పిన పొరలు, బిగించి దోపడం మామూలు పరుపుకే; ఎయిర్ బెడ్ మీద పల్చటి దుప్పటి ఒక్కటి, కొంచెం వదులుగా. బిగించి దోపితే ఊయల గుడ్డలా లాగి పట్టి, కింద గాలి ఉన్నా లేనట్టే. పైన బొంత, రెక్సిన్, దుప్పటి మీద దుప్పటి వేసేవాళ్ళను చూశాను, అలా అయితే కొన్న డబ్బులు పోయినట్టే. తుంటి కింద, ఎయిర్ బెడ్‌కూ పరుపుకూ మధ్య చెయ్యి పెట్టి చూడండి. మీ చేతికీ ఆయన ఎముకకూ మధ్య అంగుళం మందాన గాలి తగలాలి. కరెంటు పోతే చాలావాటిలో గాలి మెల్లగా దిగుతుంది, కాబట్టి ఇన్వర్టర్ లైనుకు కలపండి. ఎయిర్ బెడ్ ఉన్నా రెండు గంటలకోసారి తిప్పడం మానకండి. పూర్తిగా తొంభై డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక మెత్త పెట్టి ముప్పై డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో మెత్త పెట్టండి, మడమలు గాలిలో ఉండాలి.

ఫౌలర్ మంచం అంటే హ్యాండిల్ తిప్పి తల వైపు, మోకాళ్ళ వైపు ఎత్తగలిగేది. అది దొరికితే చాలు, బ్యాక్‌రెస్ట్ స్టాండు వేరే అక్కర్లేదు. నెల అద్దెకు ఇస్తారేమో అడగండి. హ్యాండిల్ తిప్పేటప్పుడు ముందు మోకాళ్ళ వైపుది కొంచెం ఎత్తి, తర్వాత తల వైపుది ఎత్తండి. తిరగేసి చేస్తే మనిషి జారుతూనే ఉంటాడు. తినిపించేటప్పుడు బాగా ఎత్తండి, తిన్నాక అరగంట దాకా దించొద్దు. మిగతా సమయంలో ముప్పై డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

మీ మామయ్యకు ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు బిగుసుకుపోయే జబ్బు ఉందో లేదో మీరు రాయలేదు. నల్లగొండ జిల్లా పెద్దవాళ్ళు కదా, అందుకే అడుగుతున్నాను. ఒకసారి మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, వెన్ను కొయ్యలా బిగుసుకుపోయి ముందుకు వంగిపోయింది. మేము పుస్తకంలో ఉన్నట్టు చదునుగా పక్క వేసి పడుకోబెట్టాం. తల పరుపుకు తగలక గాల్లో వేలాడుతుంటే మెడ నొప్పితో రాత్రంతా మూలిగారు. తెల్లారి తల కింద మూడు మెత్తలు, మోకాళ్ళ కింద ఒకటి పెడితే నిద్రపోయారు. అలాంటి మనిషిని తిప్పేటప్పుడు భుజం, తుంటి వేర్వేరుగా కాకుండా దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి.

నులక మంచం మీదే పడుకుంటానని ఆయన పట్టుబడుతున్నారన్నారు కదా. రాత్రంతా వద్దు, మధ్యలో కుంగిపోయి తిప్పడానికి వీలుండదు. సాయంత్రం ఎండ తగ్గాక బొంత వేసి అరగంట వాకిట్లో పడుకోబెట్టొచ్చు. మా అమ్మను కూడా వేపచెట్టు కింద అలాగే ఉంచేవాళ్ళం, దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి మాట్లాడేది.