‘నేను దింపేస్తాలే’ అని ఆయన లేచాడు.. నాకు నోరు పెగల్లేదు!

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 26. మాది విజయనగరం. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. డిసెంబరు 31 రాత్రి భోగాపురం దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌లో పది పన్నెండు మందిమి పార్టీ చేసుకున్నాం. మాతో పనిచేసే ఒకమ్మాయి ‘ఇక చాలు సార్’ అంటున్నా సీనియర్ ఒకాయన ఆమె గ్లాసులో పోస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆమె నడక తేడాగా కనిపించింది. ‘బండి మీద నేను దింపేస్తాలే’ అని ఆయన లేచాడు. నాకు టెన్షన్‌గా అనిపించినా నోరు పెగల్లేదు. అప్పటికి నేనూ మూడు పెగ్గులు వేసి ఉన్నాను. చివరికి ఇంకో అమ్మాయి ‘హాస్టల్ గేటు మూసేస్తారు, పదవే’ అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించుకుపోయింది. ‘బాగానే మాట్లాడింది కదా, నీకెందుకురా’ అంటున్నారు ఫ్రెండ్స్. నేనే అతిగా ఆలోచిస్తున్నానా? వచ్చే నెల బొబ్బిలిలో పెళ్లికి మళ్లీ అందరం కలుస్తాం.
- ఓ పాఠకుడు, విజయనగరం

సలహా: మీరు అతిగా ఏమీ ఆలోచించడం లేదు. చాలన్నాక కూడా గ్లాసు నింపడాన్ని మనవాళ్లు పంక్తిలో ఇంకో గరిటె పప్పు వడ్డించినంత తేలిగ్గా తీసుకుంటారు. పోసినాయనే దింపుతానంటే అది మర్యాదో, ఎత్తుగడో బయటివాళ్లకు తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఆయన ఉద్దేశం ఏదైనా, ఆ స్థితిలో ఉన్న మనిషిని ఒంటరిగా పంపకూడదు.

‘బాగానే మాట్లాడింది’ అన్నదాన్ని నమ్మకండి. ఆఖరి గుక్క తాగిన అరగంట, గంట వరకూ రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. 60 మి.లీ. విస్కీలో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం దాన్ని కరిగించడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏదీ దాన్ని తొందరపెట్టలేదు. ఆడవాళ్ల ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి, అదే పెగ్గు వాళ్లకు ఎక్కువగా ఎక్కుతుంది. ఇంకో సంగతి: మాట్లాడుతూ, నడుస్తూ, నవ్వుతూనే ఉన్నా మెదడులో జ్ఞాపకం నమోదు కాని దశ ఒకటుంది. దాన్నే బ్లాకౌట్ అంటాం. తెల్లారాక ఏమీ గుర్తుండదు. అలాంటప్పుడు ఆమె తలూపిందని అంగీకారం కింద లెక్క కట్టకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 63వ సెక్షన్ కూడా, మత్తువల్ల ఏం జరుగుతోందో అర్థం చేసుకోలేని స్థితిలో ఇచ్చిన అంగీకారం చెల్లదనే చెబుతోంది. ఆమె ఎందుకు తాగిందన్న చర్చ నాకు అనవసరం. తాగడం నేరం చేయడానికి ఎవరికీ లైసెన్సు కాదు.

ఇక మీ నోరు ఎందుకు పెగల్లేదంటారా? అమెరికాలో 1968లో లాటానే, డార్లీ అనే సైకాలజిస్టులు విద్యార్థులను గదిలో కూర్చోబెట్టి, లోపలికి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి చెప్పారు. పక్కన ఇద్దరు పట్టనట్టు కూర్చున్నప్పుడు 10 శాతం మందే చెప్పారు. మీ చుట్టూ పది మంది నవ్వుతున్నారు, పైగా ఆయన సీనియర్. దానికి మూడు పెగ్గులు తోడైతే చెప్పేదేముంది? మత్తులో చూపు ఎదురుగా ఉన్న పాట, జోకుల మీదే ఆగిపోతుంది. మూల జరిగేది కళ్లబడినా బుర్రకెక్కదు. మత్తు ధైర్యమిస్తుందనుకుంటాం గానీ, అది ఇలాంటి చోట పనికొచ్చే ధైర్యం కాదు.

ఆటో ఎక్కించిన అమ్మాయిని చూడండి. ఎవరినీ నిలదీయలేదు, గొడవ పడలేదు. హాస్టల్ గేటు అని ఒక సాకు చెప్పి పని కానిచ్చేసింది. మీరూ ‘సార్, మీరూ తాగారు కదా, బండి వద్దు, ఆటో పిలుస్తా’ అనొచ్చు. ఆయన్ను ఫోను వచ్చిందని పక్కకు పిలవొచ్చు. ఆమె స్నేహితురాలి చెవిన వేయొచ్చు. ఆయన మీదకొచ్చే రకమైతే ఒంటరిగా ఎదురెళ్లకండి, ఇద్దరు ముగ్గుర్ని కలుపుకోండి. లేదంటే 112కు ఫోన్ చేయండి. మీరు దింపే పని పెట్టుకున్నా, ఆమె వైపు మనిషి ఒకరు వెంట ఉండేలా చూసుకోండి. మీరు మంచివాళ్లని ఆ స్థితిలో ఆమెకు తెలిసే వీల్లేదు కదా.

పిలిచినా పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా ‘పడుకుంటే దిగిపోతుందిలే’ అని వదిలేయకండి. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి.

ఎప్పుడైనా జరగకూడనిది జరిగితే, ఎఫ్ఐఆర్ లేదని ఏ ఆసుపత్రీ, ప్రైవేటుదైనా సరే, వైద్యం నిరాకరించకూడదు. ఆ వైద్యం ఉచితం. గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వీలైతే అప్పటివరకూ స్నానం చేయకుండా, బట్టలు మార్చకుండా వెళ్లాలి. చేసేసినా సరే, వెళ్లడం మానొద్దు. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

ఆ అమ్మాయి దగ్గర మీరు ఈ సంగతి ఎత్తితే, క్షమాపణ పేరుతో మీ బరువు ఆమె మీద వేయకండి. ‘ఆ రాత్రి నేను చూశాను. నువ్వు కంప్లయింట్ ఇవ్వాలనుకుంటే చూసింది చెబుతాను’ అంటే చాలు. ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం. ఆఫీసులో నలుగురికీ చెప్పడం మాత్రం వద్దు.

బొబ్బిలికి బయల్దేరే ముందే, ఆటో ఎక్కించిన ఆ అమ్మాయితోనూ, మీరు నమ్మే ఇంకొకరితోనూ మాట్లాడుకోండి. ఎవరు ఎవరితో తిరిగి వెళ్తారో వెలుగుండగానే తేల్చుకోండి. ఆ రోజు తాగని మనిషి ఒకరు ఉండాలి. ఈసారికి అది మీరే కండి. పార్టీ అంటే మూడు పెగ్గులు తప్పనిసరి అయిపోయి, మానలేకపోతున్నారనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

- డాక్టర్, సైకియాట్రిస్ట్, విజయనగరం