న్యూయార్క్‌లో పాత గిటార్ల షాపులు ఇంకా ఉన్నాయా? కొనే ముందు ఏం చూడాలి?

మన్‌హట్టన్ 48వ వీధిలో ఒకప్పుడు వరసగా వాద్యాల షాపులే. 1935లో మొదలైన మ్యానీస్ 2009లో మూతపడింది, ఆ వరసా పోయింది. అప్పట్లో నాలుగు షాపులు తిరిగితేగాని ధర తెలిసేది కాదు. ఇప్పుడది ఫోన్‌లోనే తెలుస్తుంది, షాపుకి వెళ్లేది గిటార్‌ను చేత్తో పట్టి పరీక్షించడానికే.

గిబ్సన్ కంపెనీ గిటార్ అయితే వాయించకముందే హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) వెనక చూడండి. తల వెనక్కి వంగి ఉంటుంది, ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) కోసం చెక్క తొలిచేదీ అక్కడే. అందుకే నట్ (మెడ, తల కలిసేచోట తీగలు ఆనే పట్టీ) దగ్గర విరుగుతుంది. విరిగి అతికించినదైతే, అతుకు ఎంత గట్టిదైనా ధర బాగా తగ్గాలి.

ఫెండర్ కంపెనీది అయితే పిక్‌గార్డ్ (ముందువైపు పలక) విప్పి లోపల చూపించమనండి. ఖరీదైన గిటార్‌కి కుదరదంటే వదిలేయడమే మేలు. లోపలి పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగం) మీద 1376612 అని ఉందనుకోండి: 137 అంటే సీటీఎస్ అనే కంపెనీ తయారీ, 66 సంవత్సరం, 12 వారం. పాట్ గిటార్‌తో పాటు వచ్చిందే అయితే గిటార్ అంతకన్నా పాతది కాదని మాత్రమే దీనర్థం. 1966 పాట్లను ఫెండర్ ఆ తర్వాత కొన్నేళ్లూ వాడింది. వైర్లు అతికే సోల్డర్ కొత్తగా మెరుస్తుంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లు నొక్కే పలక) బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే దేశం దాటించడానికి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు కావాలి. ఆ కలపపై 1992 నుంచి కఠిన ఆంక్షలున్నాయి. డబ్బు కట్టకముందే వాటి సంగతి తేల్చుకోండి.