నరసాపురం దగ్గర మేత గోడౌన్‌కి రోలింగ్ షట్టర్: జీఐ పెట్టించాలా, ఎంఎస్ చాలా?

నరసాపురం దగ్గర రొయ్యల మేత గోడౌన్ కడుతున్నామని, పిల్లర్లు లేచాయని, 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు షట్టర్‌కి ఎంఎస్ (పూత లేని మామూలు ఉక్కు రేకు) పెట్టి రంగు వేయిస్తే సరిపోతుందా అని అడిగారు. మొగల్తూరు వైపు మాకూ మేత గోడౌన్ ఉందండి. నా మాట వినండి, జీఐయే, అంటే జింకు పూత ఉన్న రేకే పెట్టించండి.

ఎంత మంచి రంగు వేసినా లాభం ఉండదు. షట్టర్ పట్టీలు ఒకదాని అంచు ఇంకోదానిలో మడిచి ఉంటాయి కదా, ఆ మడత లోపలికి బ్రష్ పోదు. పోయినా, రోజూ చుట్టుకుని విప్పుకునే రాపిడికి రంగు లేచిపోతుంది. ఉప్పుగాలి తేమ సరిగ్గా అక్కడే చేరుతుంది. మేం గోడౌన్ తీసుకునేటప్పటికి ఉన్న ఎంఎస్ షట్టర్ బయటికి నున్నగానే కనిపించేది. కింది పట్టీల మడత దగ్గర స్క్రూడ్రైవర్‌తో నొక్కితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలి, మొన అవతలికి దిగిపోయింది. జీఐ రేకుకి పట్టీగా మడవక ముందే రెండు వైపులా జింకు పూత ఉంటుంది, అందుకే మడత లోపల కూడా కాపాడుతుంది. చదరపు మీటరుకు 275 గ్రాముల పూత ఉన్న రేకు అడగండి. వెల్డింగ్ పడిన చోట పూత కాలిపోతుంది, అక్కడ జింక్ ప్రైమర్ వేసేదాకా దగ్గరుండండి.

మందం గేజ్‌లో కాకుండా మిల్లీమీటర్లలో కొటేషన్ మీద రాయించుకోండి. వెడల్పు 3.5 మీటర్లు దాటితే పట్టీ కనీసం 1.2 మి.మీ., గైడ్ ఛానల్ (పట్టీల చివర్లు జారే పక్క గాడి) లోతు 75 మి.మీ. ఉండాలి. మీది 4.27 మీటర్లు. సరుకు దిగగానే మైక్రోమీటర్ పెట్టి చూడండి, మొహమాటపడొద్దు.

అసలు భయం తుఫానుతోనే. మన తీరానికి బిల్డింగ్ డిజైన్‌లో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. మీ షట్టర్ 15.6 చదరపు మీటర్లు, మొత్తం రెండు టన్నుల పైమాటే. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్లకి ఈ లెక్క ఎక్కువనిపించదు. ఆ ఒత్తిడికి షట్టర్ మధ్యలో పొట్టలా ఉబ్బి, పట్టీల చివర్లు గైడ్‌లోంచి జారి బయటికొస్తాయి. ఒక్కసారి గాలి లోపలికి దూరితే పైకప్పు రేకులకీ ముప్పే. అందుకని పట్టీల చివర్లు గైడ్‌లోంచి జారకుండా పట్టి ఉంచే విండ్ లాక్‌లు పెట్టించండి. గైడ్‌లను ఇటుక గోడకి కాకుండా కాంక్రీటు పిల్లర్‌కే గట్టిగా బిగించాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు లోపలి నుంచి మధ్యలో నిలబెట్టే ఇనుప పోస్టు ఒకటి చేయించి, దాని కోసం నేలలో గుంట వదిలించండి.

ఇంత సైజు చేత్తో ఎత్తడం కష్టం, గేరు గానీ మోటారు గానీ కావాలి. మోటారు పెడితే చేత్తో లాగి ఎత్తే హ్యాండ్ చైన్ ఉన్నదే తీసుకోండి, గాలివానకి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. గైడ్‌లలో మాత్రం గ్రీజు పూయనివ్వకండి. మేత దుమ్ము, ఇసుక దానికి అతుక్కుని ముద్దకట్టి పట్టీల చివర్లను అరగదీస్తాయి. గైడ్‌ని పొడిగుడ్డతో తుడిస్తే చాలు, గ్రీజు గేరుకీ బేరింగులకీ. స్ప్రింగ్ లూజైతే మీ పనివాళ్లని ముట్టుకోనివ్వకండి. బిగువు మీదున్న స్ప్రింగ్ జారితే చేతులు పోతాయి, అది షట్టర్ మేస్త్రీ పని.

పిల్లర్ల దశలోనే ఉన్నారు కాబట్టి, పైకెత్తిన షట్టర్ చుట్టుకోవడానికి లింటెల్ పైన ఒకటిన్నర అడుగైనా ఖాళీ ఉందో లేదో ఇప్పుడే కొలిపించండి. పక్కనే మూడడుగుల చిన్న తలుపు కూడా వదలండి. మనిషి వచ్చినప్పుడల్లా పెద్ద షట్టర్ ఎత్తక్కర్లేదు, ఆ షట్టరూ ఎక్కువ కాలం ఉంటుంది.