పుట్టి ఏదుము అంటే ఎన్ని మానికలు?

ప్రశ్న: మా తాతయ్య రాసుకున్న పాత లెక్కల పుస్తకంలో ఒక ఏడాది పంట దగ్గర 'పుట్టి ఏదుము రెండు కుంచాలు' అని ఉంది. దీన్ని మానికల్లోకి ఎలా మార్చాలి? లీటర్లలో ఎంత? ఒక్కోచోట ఒక్కో లెక్క చెబుతుంటే తికమకగా ఉంది.

జవాబు: ముందు ఏదుము సంగతి చూద్దాం. అది వేరే కొలపాత్ర కాదమ్మా, ఐదు తూములకు పెట్టిన పేరు. పందుము అంటే పది తూములు, ఇరవై అయితే పుట్టి. కాబట్టి తాతయ్యగారు రాసింది 25 తూముల 2 కుంచాలు. తూముకి 4 కుంచాల చొప్పున 100, పైన ఉన్న రెండూ కలిపితే 102 కుంచాలు, కుంచానికి 4 మానికలు కాబట్టి మొత్తం 408 మానికలు. అంతే.

ఇంకా కిందికి దిగాలంటే మానికకి 2 తవ్వలు, తవ్వకి 2 సోలలు, సోలకి 4 గిద్దలు. అడ్డ అనే మాట కనిపిస్తే అది 2 మానికలు, అంటే అరకుంచం. పైకి వెళ్తే 30 పుట్లు ఒక గరిసె. గమనించండి, గిద్ద నుంచి తూము దాకా అన్నీ రెండు, నాలుగులే, అందుకే చదువు రానివాళ్లు కూడా నోటితోనే లెక్క తేల్చేసేవారు.

చాలామంది తప్పు చేసేది కింది నుంచి పైకి మార్చేటప్పుడు. ఉదాహరణకి 1000 సోలలు ఉన్నాయనుకోండి, నాలుగుతో భాగిస్తే 250 మానికలు, మళ్లీ నాలుగుతో భాగిస్తే 62 కుంచాలు వచ్చి 2 మానికలు మిగులుతాయి, ఆ 62ని ఇంకోసారి భాగిస్తే 15 తూములు, 2 కుంచాలు. జవాబు 15 తూముల 2 కుంచాల 2 మానికలు. క్యాలిక్యులేటర్‌లో 15.625 తూములు అని వస్తే దాన్ని 15 తూముల 6 కుంచాలు అని చదివేస్తున్నారు, అది తప్పు. ఏ మెట్టు దగ్గర మిగిలింది ఆ మెట్టు దగ్గరే రాసి పెట్టుకోండి.

ఇక లీటర్లు. ఇక్కడ నేను ఒక్క అంకె చెప్పేస్తే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినట్టే, ఎందుకంటే మెట్రిక్ కొలతలు రాకముందు ఒక ప్రాంతం మానిక ఇంకో ప్రాంతం మానికతో సమానంగా ఉండేది కాదు. మీ ఇంట్లో పాత మానికో సోలో అటక మీద ఉంటే దించండి. అంచు దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలత గీతలున్న మగ్గులోకి వంపితే (సోల అయితే వచ్చినదాన్ని నాలుగింతలు చేస్తే) మీ ఊరి మానిక ఎంతో తేలిపోతుంది, దాన్ని 408తో హెచ్చించండి.

ఒక చిక్కు ఉంది. నీళ్లు అంచు దగ్గర ఆగిపోతాయి, గింజలు ఆగవు. కొందరు పుల్లతో అంచు వెంట గీసి సమంగా కొలిచేవారు, కొందరు గోపురంలా పోసి కొలిచేవారు, ఆ గోపురం పాత్ర మూతి ఎంత వెడల్పుంటే అంత పెరుగుతుంది. తాతయ్యగారి రోజుల్లో ఎలా కొలిచేవారో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అడిగినప్పుడు వాళ్లు 'లాభం, రెండు, మూడు' అని లెక్కపెడితే కంగారుపడకండి, కల్లంలో మొదటి కొలతని ఒకటి అనకుండా లాభం అనేవారు, లెక్కలో అది ఒకటే.

ప్రశ్న: పుట్టి బరువా, కొలతా? మా బంధువులు కిలోల్లో చెబుతున్నారు.

జవాబు: పుట్టింది కొలతగానే. అయితే నెల్లూరు వైపు ధాన్యం బేరాల్లో ఇప్పుడు పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి గింజలు చల్లేంత నేలని కూడా పుట్టెడు నేల అనేవారు. పాత కాగితం చదివేటప్పుడు అది ధాన్యం పద్దా, పొలం పద్దా అన్నది ముందు చూసుకోండి.