దేవుడి మీద నమ్మకంతో అనాథ పిల్లల్ని ఇంట్లో పెంచుకోవచ్చా?

కావలిలో ఉన్న మీ అక్కా బావా ఇద్దరు ముగ్గురు అనాథ పిల్లల్ని చేరదీయాలనుకుంటున్నారని, కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది, కానీ నేరుగా ఇంటికి తెచ్చుకోకూడదు.

దిక్కులేని బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోపు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, పోలీసులకు గానీ, బాలల సంక్షేమ కమిటీకి గానీ చెప్పాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం చెప్పకపోవడం నేరం. రిజిస్ట్రేషన్ లేకుండా అనాథాశ్రమం నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మంచి మనసుతో చేశామన్నా ఊరుకోరు.

మీ అక్కావాళ్లకు ఫాస్టర్ కేర్, అంటే దత్తత తీసుకోకుండా బిడ్డను కొంతకాలం ఇంట్లో పెంచడం, సరిపోతుందని నా అభిప్రాయం. నెల్లూరులోని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. ఇల్లు చూసి, ఇద్దరితో మాట్లాడాకే బిడ్డను అప్పగిస్తారు. సొంతం చేసుకోవాలంటే దత్తత వేరే దారి, దానికి దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

అసలు కష్టం కాగితాలది కాదండీ. ఆకలి చూసిన పిల్లలు కడుపు నిండా తిన్నాక కూడా బిస్కెట్లు దిండు కింద దాచుకుంటారు. చీమలు పట్టినా తిట్టకూడదు, రేపు కూడా అన్నం ఉంటుందని వాళ్లకు నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. అక్కడే మీ అక్కావాళ్ల భక్తి అక్కరకొస్తుంది. ప్రార్థన మాత్రం పిల్లల మీద రుద్దవద్దని చెప్పండి.