'టేక్' పాఠం పంపిన అబ్బాయికి

చిరంజీవికి,

చైనా విద్యార్థుల కోసం ఇంగ్లీషు క్రియ 'టేక్' (take) మీద నువ్వు రాసిన పాఠం అందింది. వచనం తేటగా ఉంది. అర్థాల పట్టిక చూస్తే మాత్రం ఒళ్ళు మండింది. పేజీ నిండుగా కనబడాలని గడులు కట్టించడం సంపాదకుల పాత జబ్బు, నీకెందుకు? ఆ గడులు బట్టీపట్టినవాడు మర్నాడు 'ఈట్ మెడిసిన్' అనే అంటాడు. చైనీస్‌లో మందు తింటారు మరి: ఛి యావ్. బస్సులో కూర్చుంటారు గనక 'సిట్ ఎ బస్' అంటాడు.

తప్పు దగ్గర మొదలుపెట్టు. 'టేక్'ను ఒంటరిగా నేర్పకు, పక్కనుండే నామవాచకంతో జంటగా నేర్పు: మెడిసిన్, బస్, షవర్, ఫొటో, ఎగ్జామ్. ఒక పాఠానికి ఈ అయిదూ చాలు. పరీక్ష దగ్గర మనమూ తక్కువ తినలేదు. మనం పరీక్ష రాస్తాం గనక 'రైట్ ది ఎగ్జామ్', వాళ్ళు పాల్గొంటారు గనక 'జాయిన్ ది ఎగ్జామ్'.

అసలు చిక్కు కాలం ఖర్చుతో. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. చైనీస్ 'హ్వా' డబ్బుకూ కాలానికీ ఒకటే, ఖర్చుపెట్టేది మామూలుగా మనిషి. ఇంగ్లీషులో 'స్పెండ్'కు కర్త మనిషి, 'టేక్'కు మామూలుగా పనో, 'ఇట్' అన్న డమ్మీ, అంటే పేరుకే ఉన్న, కర్తో. రెండూ కలగలిసి 'ఇట్ స్పెండ్స్ మీ టూ అవర్స్' పుడుతుంది. 'ఐ స్పెండ్ టూ అవర్స్', 'ఇట్ టేక్స్ మీ టూ అవర్స్' ఒకదాని కింద ఒకటి రాయించి, కర్త కింద గీత గీయించు.

'బ్రింగ్'తో తేడాకు మూడు పేరాలు దండగ. వాళ్ళ తై-లాయ్, తై-ఛ్యూ మన తీసుకురా, తీసుకెళ్ళు లాంటివే. వినేవాడి దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా ఇంగ్లీషులో 'బ్రింగ్' అంటారని చెప్పు, అక్కడే జారిపడతారు.

ఇక పుట్టుక. మన 'తాకు'తో చుట్టరికం కలిపావే, కొట్టెయ్యి. ఇంగ్లీషుకు చుట్టమైన పాత భాష గోథిక్‌లో 'టేకన్'కు తాకడమనే అర్థం ఉన్నమాట నిజమే, కానీ ఆ పోలిక కాకతాళీయం. 'టేక్' స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ళ 'టాకా'. అదే అర్థమున్న పాత ఇంగ్లీషు 'నిమన్'ను అది మెల్లగా తోసేసింది. జర్మన్‌లో దాని తోబుట్టువు 'నేమెన్' ఇంకా బతికే ఉంది. ఇంగ్లీషులో మిగిలిన ఒక ముక్క 'నమ్' (numb), అసలు అర్థం 'పట్టుబడ్డ': పట్టుబడ్డ కాలు, అంటే తిమ్మిరెక్కినది. చివరి 'బి' తర్వాత అతికించిందే, పలకక్కర్లేదు. ఇంత మంచి సరుకును 'మీకు తెలుసా?' గడిలో పడేస్తావా? పాఠం మధ్యలో పెట్టు.

కాలం భాగం తిరగరాసి, వచ్చే నెలలోగా పంపు.